అర్జీ నంబరు ఒకటి: సోషల్ ఫైలు

ఆదివారం. ఇంట్లో ఉన్నవారు: నాన్న, అమ్మ, నాయనమ్మ, హనుమంతు బాబాయి, నిన్న సాయంత్రం బస్సు దిగిన సామ్రాజ్యం అత్తయ్య, పిల్లి. మొత్తం ఆరుగురు.

డైరీలో ప్రతిరోజూ నేను మొదటి వరుస ఇలాగే రాస్తాను. ఇంట్లో ఎవరెవరున్నారో చూసుకుంటే ఆ రోజు ఎంత రాయవచ్చో తెలుస్తుంది. అత్తయ్య ఉన్న రోజు తక్కువ రాస్తాను. ఇదివరకు నోటుపుస్తకంలో రాసి బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అత్తయ్య బియ్యం కోసమని వెళ్ళి, బియ్యం లేకుండా పుస్తకంతో వచ్చి, అన్నాలయ్యాక అందరికీ చదివి వినిపించింది. చాలా స్పష్టంగా చదివింది. అప్పట్నుంచి కంప్యూటర్లో రాస్తున్నాను. ఆ ఫైలుకు ‘సోషల్ ముఖ్యమైన ప్రశ్నలు’ అని పేరు పెట్టాను. అలాంటి పేరున్న దాన్ని మా ఇంట్లో ఎవరూ తెరవరు. రెండేళ్ళుగా ఎవరూ తెరవలేదు.

నాన్న మండల రెవెన్యూ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆఫీసులో పనికిరాదని రాసేసిన సామాను వేలం వేస్తే ఈ కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చారు. దాని పక్క మీద తెల్ల రంగుతో ‘సి సెక్షన్’ అని రాసి ఉంటుంది. గోకితే పోతుంది. నాన్న గోకనివ్వలేదు. ముందు గదిలో కిటికీ పక్కన దాన్ని పెట్టిన రోజు నుంచి ఆ గదినే సెక్షన్ అంటున్నారు. అన్నానికి పిలవాలంటే గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావచ్చా అని అడగాలి. అమ్మ అడగదు, వంటింట్లోంచే కేకేస్తుంది. నేను అడుగుతాను. నా గొంతు ఆయనకు వినపడదు, అన్నం చల్లారిపోతుంది.

పోయిన వారం కంప్యూటర్ మొరాయిస్తే బాబాయి బాగుచేశాడు. బాబాయి పొలాలు కొలిచే లైసెన్సు సర్వేయరు, కంప్యూటర్లు ఆయన సరదా. లోపలి వ్యవస్థంతా పీకేసి కొత్తది ఎక్కించాడు. పాత ఫైళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. కానీ అవి పాత వ్యవస్థలోని నా ఖాతా పేరు మీద ఉన్నాయి, కొత్త వ్యవస్థకు నేనెవరో తెలియదు. డైరీ మీద నొక్కితే ఒక పెట్టె పైకి వచ్చి, దీన్ని తెరవటానికి మీకు అనుమతి లేదు, అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి అంది.

ఇది పెద్ద జబ్బేమీ కాదు. మా హైస్కూల్లో కంప్యూటర్ సారు చెప్పారు. ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్ళాలి. అక్కడ సెక్యూరిటీ, దాంట్లో అడ్వాన్స్‌డ్. ఓనర్ పేరు మార్చి, అనుమతి దగ్గర టిక్కు పెడితే అయిపోయింది. ఒకటిన్నర నిమిషం పని. శనివారం నేను ఓనర్ మార్చేదాకా వెళ్ళాను. అక్కడ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది. అది నాన్న బీరువాలో, కవర్లో, లక్క సీలు కింద ఉంటుంది.

ఆదివారం పొద్దున బాబాయి వచ్చి కాసేపు మౌస్ కదిపి చూసి, "ఇంకా ఈడుస్తానే ఉంది. సాయంత్రం ఐదింటికి మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కిస్తా. కావాల్సినవుంటే తీసి పెట్టుకోండి," అన్నాడు.

నా దగ్గర పెన్‌డ్రైవ్ ఉంది. రెండేళ్ళ డైరీ ఐదింటిలోపు దాంట్లోకి రావాలి, ఎవరి కంటా పడకుండా. నాకు కావలసింది అంతే.

నేను తప్పు చేసింది ఇక్కడే. నోటితో అడగవలసింది. గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చాను. మూడోసారి నోటుపుస్తకంలోంచి కాయితం చింపి, ‘నాన్నా, సోషల్ ఫైలు తెరవటానికి పాస్‌వర్డ్ కావాలి. మంజూష’ అని రాసి, ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

మా నాన్న దగ్గర నోటితో అడిగింది ఇంటి పని. కాయితం మీద అడిగింది అర్జీ.

ఆయన కళ్ళజోడు మార్చుకున్నారు. కాయితం తిప్పి వెనక వైపు కూడా చూశారు. సొరుగులోంచి తేదీ ముద్ర తీసి గట్టిగా వేశారు.

"అమ్మాయ్, నీ అర్జీ ముట్టింది," అన్నారు. "నంబరు ఒకటి. తేదీ వెయ్యలేదు. తండ్రి పేరు రాయలేదు. చిరునామా లేదు. ఆ లోపాలు నేనే సవరిస్తున్నాను."

చిరునామా దగ్గర మా ఇంటి నంబరు వేశారు. తండ్రి పేరు దగ్గర తన పేరు రాసుకుని, కింద ‘విచారించగా నిజమని తేలినది’ అని సంతకం పెట్టారు.

"పిల్ల ఏదో నాలుగక్షరాలు అడిగింది. కొట్టి ఇయ్యరాదూ?" అంది అమ్మ వంటింట్లోంచి.

"నాన్నగా అయితే ఇప్పుడే ఇస్తా శేషూ. అడ్మినిస్ట్రేటర్‌గా ఇవ్వలేను. ఆ పెట్టె సంప్రదించమన్నది నాన్నను కాదు."

"అయితే ఇడ్లీలు నాన్నకే పెడతా. ఆ రెండో ఆయన ఎక్కడ తింటాడో కనుక్కోండి."

నాన్న ఇడ్లీలు తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మళ్ళీ రెండో ఆయన అయిపోయారు. "మామూలుగా ఇరవై ఒక్క రోజులు పట్టే పని," అన్నారు. "సాయంత్రం తుడిచేస్తున్నారు కాబట్టి అత్యవసరం కింద ఈరోజే విచారణ చేపడుతున్నాం. హనుమంతూ, నువ్వు సర్వేయరువి. అక్కయ్యా, నువ్వు సాక్షివి."

అత్తయ్య కందిపప్పు ఏరుతోంది. చాట పక్కన పెట్టి, "నేనెప్పుడో సిద్ధం తమ్ముడూ," అంటూ కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది.

బాబాయి ప్రాపర్టీస్ తెరిచాడు. ఓనర్ అన్నచోట పేరు లేదు. పాత ఖాతా పోయింది కాబట్టి దాని గుర్తింపు అంకె మిగిలింది: ఎస్ అక్షరం, గీత, ఒకటి, గీత, ఐదు, గీత, ఇరవై ఒకటి, అక్కణ్ణుంచి తెర అంచు దాకా అంకెలూ గీతలూ. నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"చూశావా హనుమంతూ. సర్వే నంబరు. సబ్ డివిజన్లతో సహా."

"అది పాత ఖాతా నంబరు అన్నయ్యా."

"నువ్వు ఫీల్డు మనిషివి. రికార్డు నాకు వదిలెయ్."

ఆ అంకె నేనే అని చెప్పాలనుకున్నాను. గొంతు సవరించుకునేలోపు నాన్న రాసుకోవటం మొదలుపెట్టారు.

"పట్టాదారు కాలమ్‌లో పేరు లేదు. కాబట్టి ఇది ఎవరిదో చెప్పలేం. అనుభవదారు కాలమ్‌లో అర్జీదారు. ఎంతకాలంగా సాగు చేస్తున్నావమ్మా?"

"రెండేళ్ళు," అన్నాను.

"ఏంటి?"

"రెండేళ్ళంట," అంది అమ్మ వంటింట్లోంచి. నా మాటలు గదిలో ఉన్నవాళ్ళకు వినపడవు, వంటింట్లో తాలింపు వేస్తున్న అమ్మకు వినపడతాయి.

"పన్నెండేళ్ళు ఎదురులేకుండా సాగు చేసి ఉంటే హక్కు సంగతి ఆలోచించేవాళ్ళం. పదేళ్ళు తక్కువ పడింది."

మంచం మీదున్న నాయనమ్మ ఇటు తిరిగింది. "పదేళ్ళ దాకా దాని సోషల్ పరీక్ష ఆగుద్దా అబ్బాయ్?"

"పరీక్ష ఆ శాఖ వాళ్ళది అమ్మా. మనది రెవెన్యూ."

తర్వాత కొలతలు. బాబాయి అలవాటు కొద్దీ సంచిలోంచి టేపు తీశాడు. దాంతో ఏం చెయ్యాలో తోచక తెర పొడవు వెడల్పులు కొలిచాడు. నాన్న అవి కూడా రాసుకున్నారు. ప్రాపర్టీస్‌లో ఫైలు సైజు తొమ్మిది వందల నలభై ఆరు కేబీ అని ఉంది. దాని కిందే, డిస్కు మీద సైజు తొమ్మిది వందల నలభై ఎనిమిది అని ఉంది.

నాన్న పెన్ను కింద పెట్టారు.

"రికార్డు ప్రకారం నలభై ఆరు. స్థలంలో నలభై ఎనిమిది. రెండు కేబీ ఆక్రమణ."

"ప్రతి ఫైలుకీ అట్టాగే ఉంటదన్నయ్యా. డిస్కు గడులు గడులుగా జాగా ఇస్తది. చివరి గడిలో కాస్త మిగుల్తది."

"ప్రతి ఫైలూ ఆక్రమించిందన్నమాట. రాసుకో."

మధ్యాహ్నం భోజనాల వేళకు మా ఇంట్లో నాలుగు వందల పదకొండు ఆక్రమణలు బయటపడ్డాయి. నాయనమ్మ కంటి ఆపరేషన్ రిపోర్టు మూడు కేబీ లోపలికి జరిగిందని తేలింది. నాన్న ఆమెకు నోటీసు చదివి వినిపించి, నకలు దిండు మీద అంటించారు.

"నేను ఎవరి జాగాలోకీ పోలేదు నాయనా. పొయ్యింది నా కన్నే," అంది నాయనమ్మ.

"ఆ మాట కాయితం మీద రాసివ్వు అమ్మా."

భోజనాలయ్యాక సరిహద్దులు. జాబితాలో నా ఫైలుకు పైన అత్తయ్య కూతురి పెళ్ళి ఫోటోలున్నాయి, కింద బాబాయి పాడి రికార్డు చేసుకున్న పాటలున్నాయి. తూర్పు ఏదో పడమర ఏదో తేలలేదు. కంప్యూటర్‌ను బల్లతో సహా కిటికీ వైపు తిప్పి తేల్చారు. అప్పుడు సరిహద్దుదార్లు ఇద్దరూ తమకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. బాబాయి చూడకుండానే పెట్టాడు. అత్తయ్య పెన్ను అందుకుని ఆగింది.

"లోపలేముందో తెలియకుండా ఎట్టా రాసిచ్చేది తమ్ముడూ? పక్కనే నా కూతురి పెళ్ళి ఫోటోలున్నయ్. రేపు దీంట్లోంచి ఏదన్నా కారి వాటి మీద పడితే ఎవరు జవాబుదారీ?"

"న్యాయమైన అభ్యంతరం," అన్నారు నాన్న. లేచి గదిలో పచార్లు మొదలుపెట్టారు. "లోపల ఏముందో తనిఖీ చేస్తే గానీ అనుమతి ఇవ్వలేం. తనిఖీ చెయ్యాలంటే తెరవాలి. తెరవాలంటే అనుమతి ఉండాలి."

అలా కిటికీ నుంచి గుమ్మం దాకా ఏడెనిమిది సార్లు తిరిగారు. నాన్న అంత సంతోషంగా ఉండటం నేను చాలా రోజుల తర్వాత చూశాను.

"తనిఖీ నిమిత్తం తెరవటం, తెరవటం కిందికి రాదు," అన్నారు చివరకు. "అర్జీదారు తెరిస్తేనే అది తెరవటం. కాబట్టి ఆమె తప్ప ఎవరైనా తెరవవచ్చు."

అప్పుడు నా గొంతు దానంతటదే పైకి వచ్చింది. "నాకొద్దు నాన్నా. బాబాయిని తుడిచెయ్యమను."

ఈసారి అందరికీ వినపడింది. బాబాయి టేపు చుట్టటం ఆపాడు. రెండేళ్ళ రాత పోతుందని నాకు తెలుసు. పోతే పోనీ అనుకున్నాను. అత్తయ్య స్పష్టంగా చదవటం కంటే అది నయం.

"సోషల్ ప్రశ్నలు ఎవరు చూస్తే ఏమవుద్ది?" అంది అత్తయ్య. "దానికి అంత చెమటెందుకు పడుతుందో చూడు శేషారత్నం."

"ఉక్కపోత వదినా," అంది అమ్మ. కానీ ఆమె కూడా వంటింటి గుమ్మంలోకి వచ్చి నా వైపు చూసింది.

"వద్దనుకుంటే వద్దని రాసివ్వాలి," అన్నారు నాన్న.

‘నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను’ అని రాసిచ్చాను. ముద్ర పడింది. నంబరు రెండు.

"నంబరు ఒకటి తేలాక, వరస ప్రకారం నంబరు రెండు విచారిస్తాం," అన్నారు.

నాలుగున్నరకు బీరువా తెరిచారు. కవరు సీలు చెదరలేదని సాక్షులకు చూపించారు. అత్తయ్య దాన్ని వాసన కూడా చూసింది. లక్క పగలగొట్టి, లోపలి కాయితం తీసి, ఇరవై ఒక్క అక్షరాల పాస్‌వర్డ్‌ను నాన్న ఒక్కొక్క అక్షరమే వేలితో వెతుక్కుంటూ కొట్టారు. తప్పు అంది. మళ్ళీ కొట్టారు. తప్పు అంది. నేను గోడ గడియారం చూస్తున్నాను. ఐదుకు పన్నెండు నిమిషాలుంది.

మూడోసారి కూడా తప్పు అన్నాక బాబాయి తల గోక్కున్నాడు. "అసలు నేను కొత్తది ఎక్కించినప్పుడు పాస్‌వర్డే పెట్టలేదన్నయ్యా. ఖాళీగా వదిలేసి ఎంటర్ కొట్టు, పోతది."

నాన్న ఎంటర్ కొట్టారు. లోపలికి పోయింది.

శనివారం నేను ఎంటర్ కొట్టి ఉంటే ఒకటిన్నర నిమిషంలో అయిపోయేది. పాస్‌వర్డ్ అడిగిందని ఆగిపోయాను. ఎవరు ఏమడిగినా ఆగిపోవటం నా అలవాటు.

నాన్న ఏమీ నొచ్చుకోలేదు. "తలుపుకు తాళం లేకపోవటం వేరు, లోపలికి పోయే హక్కు వేరు," అన్నారు. కొత్త పాస్‌వర్డ్ ఖాళీ కాబట్టి ఒక తెల్ల కాయితం మడిచి, కొత్త కవర్లో పెట్టి, లక్క కరిగించి సీలు వేసి బీరువాలో దాచారు. దానికి ఆరు నిమిషాలు పట్టింది. నేను గడియారం వైపే చూస్తున్నాను.

"ఐదు కావస్తంది. తుడిచెయ్యనా అన్నయ్యా?" అన్నాడు బాబాయి.

"విచారణలో ఉన్న రికార్డునా?" నాన్న కళ్ళజోడు తీశారు. "తుడవటం మీద స్టే. రాసుకో. ఇక అనుమతి ఎవరెవరికి?"

"పేరు పేరునా పెట్టొచ్చు. అందరికీ అనుకుంటే ఎవ్రీవన్ అని ఒక్క టిక్కుతో సరి."

"బహిరంగ విచారణ. అందరికీ పెట్టు. పూర్తి అధికారం."

ఫైలు తెరుచుకుంది. చదవటానికి అత్తయ్యను నియమించారు, ఆమె గొంతు స్పష్టంగా ఉంటుందని. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"జూన్ పన్నెండు. ఇంట్లో ఉన్నవారు, నాన్న, అమ్మ, నాయనమ్మ, బాబాయి, పిల్లి," అని అత్తయ్య చదివింది. "ఇదేం సోషలే? ఉండు. బాబాయి కొత్త పాట రికార్డు చేశాడు. పిల్లి రెండో చరణం దాకా ఓర్చుకుంది."

అత్తయ్య నవ్వుకు కుర్చీ కిర్రుమంది. బాబాయి మౌస్ లాక్కుని పేజీ కిందికి జరిపి, తనే చదివాడు. "అత్తయ్య వచ్చింది. ఎందుకొచ్చిందో వచ్చిన రోజు చెప్పదు. ఎందుకు వెళ్ళిపోతోందో వెళ్ళే రోజు మూడు గంటలు చెబుతుంది." ఈసారి బాబాయి నవ్వాడు, అత్తయ్య నవ్వలేదు.

"నా గురించేమన్నా రాసిందా?" అంది నాయనమ్మ.

బాబాయి వెతికి చదివాడు. "నాయనమ్మకు ఆపరేషన్ తర్వాత కన్ను బాగానే కనపడుతోంది. బయటికి చెప్పదు. చెబితే పేపరు చదివి పెట్టటానికి పక్కన ఎవరూ కూర్చోరని."

నాయనమ్మ దిండు మీది నోటీసు చదువుకుంటున్నట్టు అటు తిరిగింది.

నాన్న బాబాయి చేతిలోంచి మౌస్ తీసుకున్నారు. ఆయన పేజీ ఆయనకే దొరికింది. పైకి చదవలేదు. కానీ నేను ఏం రాశానో నాకు గుర్తుంది. ‘నాన్న ఆఫీసులో ఈరోజు నలభై మందికి రేపు రమ్మని చెప్పారట. ఇంట్లో ఆదివారం ఆయన్ను ఎవరూ ఏమీ అడగరు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తిరుగుతుంటారు.’

ఆయన ఆ పేజీ దగ్గర చాలాసేపు ఉన్నారు. తర్వాత పేజీలు జరుపుకుంటూ పోయారు. పైనుంచి కిందికి, ప్రతిరోజూ మొదటి వరుస మాత్రం చదువుతూ, పెదవులు కదుపుతూ. చివరి దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చి, కుర్చీలో వెనక్కి వాలారు.

"అర్జీదారు ఈ ఇంట్లో ఉంటున్నట్టు అర్జీలో చిరునామా ఉంది," అన్నారు. "ఆమె సొంత రికార్డులో రెండేళ్ళ పాటు, ప్రతిరోజూ, ఇంట్లో ఉన్నవారి జాబితా ఉంది. నేనున్నాను. శేషారత్నం ఉంది. అమ్మ ఉంది. హనుమంతు ఉన్నాడు. అక్కయ్య వచ్చినప్పుడల్లా ఉంది. పిల్లి ఉంది." ఆగారు. "మంజూష అనే పేరు ఒక్క రోజు కూడా లేదు."

నిజమే. నన్ను నేను ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. రాసేవాళ్ళు కూడా ఆ జాబితాలోకి వస్తారని నాకు తోచలేదు.

"మరి ఇదంతా రాసిందెవరు అబ్బాయ్?" అంది నాయనమ్మ అటు తిరిగే.

"అది వేరే విచారణ అమ్మా."

అమ్మ తడి చేతులతో వచ్చింది. "అదేం మాటండీ? పిల్ల మీ కళ్ళముందే నిలబడుంటే."

"నిలబడింది. రికార్డులో లేదు."

అలా అని నాన్న లేచి గుమ్మం దగ్గరకు వచ్చారు. కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. ఆ కాసేపూ ఆయన పొద్దున ఇడ్లీలు తిన్న ఆయన. నన్నేదో అడగబోయారు. నేనూ ఏదో చెప్పబోయాను. నా గొంతు రాలేదు. ఆయన గొంతు మారిపోయింది.

"నివాసం రుజువయ్యేదాకా బయటివాళ్ళు సెక్షన్‌లో ఉండకూడదు. ఏమనుకోకమ్మా. రేపు రా."

వెనక అత్తయ్య తర్వాతి పేజీకి వెళ్ళింది. పిల్లి నా కాళ్ళ పక్కనుంచి దూరి లోపలికి పోయింది. దాన్ని ఎవరూ ఆపలేదు. నాన్న తలుపు మూశారు.